క్రిస్మస్ రాత్రి భోజనానికి ఇంట్లోనే మెత్తటి బన్నులు: పిండి ముందురోజే కలిపి పెట్టుకోండి

ముందు ప్రశ్న క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళ్తాను. అడిగిన అమ్మాయిది తిరుపతి. డిసెంబర్ 25 రాత్రి భోజనానికి చిత్తూరు నుంచి అత్తగారి తరఫు వాళ్లు, బెంగళూరు నుంచి ఆడపడుచు కుటుంబం, మొత్తం 16 మంది వస్తున్నారు. మటన్ కూరతో పాటు తన చేత్తో చేసిన బన్నులు పెట్టాలని ఆశ. పోయిన నెలలో ఒకసారి చేసి చూస్తే పైన గట్టిగా, లోపల ముద్దగా, తింటుంటే యీస్ట్ వాసనతో వచ్చాయట. ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్ ఉంది. వచ్చేవాళ్లలో ఇద్దరు గుడ్డు తినరు. 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున మళ్లీ చర్చి. ఈ మధ్యలో బన్నులు ఎప్పుడు చేయాలి, ఎలా చేస్తే మెత్తగా వస్తాయి అన్నది ప్రశ్న.

అమ్మా, మీరు చేసిన పద్ధతి వివరంగా రాశారు కాబట్టి నా పని తేలికైంది. మూడు కప్పుల మైదా, కప్పు పాలు, చేతికి అంటుకుంటోందని మధ్యమధ్యలో ఇంకో రెండు గుప్పిళ్ల పిండి, త్వరగా పొంగాలని మూడు చెంచాల యీస్ట్, కేకుకు పెట్టినట్టే 160 డిగ్రీల్లో 40 నిమిషాలు. బన్ను గట్టిపడటానికి కారణాలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఓటీజీ తప్పేమీ లేదు, కొత్తది కొనాల్సిన పని అస్సలు లేదు. బన్ను మెత్తదనం ఓవెన్‌లోకి వెళ్లకముందే, పిండి కలిపేటప్పుడే నూటికి తొంభై పాళ్లు తేలిపోతుంది. నేను తిరుపతిలో ఇంట్లోనే చాలా ఏళ్లుగా బేకింగ్ నేర్పుతున్నాను. వచ్చేవాళ్లందరికీ మొదటిరోజు చెప్పేది ఇదే: పిండి అంటుకుంటోందని భయపడి పొడిపిండి చల్లకండి.

పొడిపిండి చల్లితే ఏమవుతుందో చూడండి. కప్పుతో మైదా కొలిస్తే జల్లించి నింపిన కప్పు 120 గ్రాములు ఉంటుంది, డబ్బాలోకి ముంచి అదిమి తీసిన కప్పు 150 కూడా ఉంటుంది. మూడు కప్పుల దగ్గరే 90 గ్రాముల తేడా వచ్చేసింది. దాని మీద రెండు గుప్పిళ్లు. పాలు మాత్రం అదే కప్పు. అంటే మీరు కలిపింది బన్నుల పిండి కాదు, దాదాపు పూరీల పిండి. తడి తక్కువైన పిండిలో గాలిబుడగలు సాగలేవు, సాగలేనిది పొంగదు, పొంగనిది లోపల ముద్దగానే ఉండిపోతుంది. మన ఇళ్లలో పండక్కి ఓళిగలు (బొబ్బట్లు) చేసేటప్పుడు పైపిండి ఎలా ఉంటుంది? చేతికి సాగుతూ, నూనె తడితో జారుతూ, కాసేపు నానాక తనంతట తానే లొంగుతుంది. బన్నుల పిండి దానికంటే ఒక్క పిసరు గట్టిగా ఉంటే చాలు. ఓళిగల పిండి కలపడం తెలిసిన చేతికి బన్నుల పిండి కొత్త కాదు.

కాబట్టి మొదట కొనాల్సింది చిన్న డిజిటల్ త్రాసు. వంటింటికి సరిపోయేది తక్కువ ధరకే దొరుకుతుంది. గ్రాముల్లో కొలవడం మొదలుపెట్టిన రోజు నుంచి మీ బన్నులు ప్రతిసారీ ఒకేలా వస్తాయి.

ఇక మైదా. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ప్రొటీన్ ఎంతో రాసి ఉంటుంది. 10 గ్రాములు, ఆపైన ఉన్నది తీసుకోండి, 11 దొరికితే ఇంకా మంచిది. గోధుమలోని ఆ ప్రొటీనే తడి తగిలి, పిసికేకొద్దీ సాగే జాలిలా తయారై యీస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచుతుంది. అంగడిలో విడిగా అమ్మే మైదా మీద ఏ వివరమూ ఉండదు. కజ్జికాయలకు, గులాబీ పువ్వులకు అది చాలు, బన్నులకు మాత్రం ప్యాకెట్టే తెచ్చుకోండి.

16 మందికి మనిషికి ఒకటిన్నర చొప్పున 24 బన్నులు లెక్క వేశాను. పక్కన అన్నం, బిర్యానీ ఎలాగూ ఉంటాయి కదా. 24 బన్నులకు మైదా 700 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు 480 మిల్లీలీటర్లు, చక్కెర 60 గ్రాములు, ఉప్పు 12 గ్రాములు, ఇన్‌స్టంట్ యీస్ట్ 7 గ్రాములు, ఉప్పు లేని వెన్న 80 గ్రాములు. గుడ్డు లేదు, అవసరమూ లేదు. వీటితో సుమారు 1,320 గ్రాముల పిండి వస్తుంది, ఒక్కో ఉండ 55 గ్రాములు. మీరు వేసిన యీస్ట్‌తో పోల్చి చూడండి: మీ మూడు చెంచాలు దాదాపు 9 గ్రాములు, అదీ ఇందులో సగం పిండికి. ఆ వాసన అక్కడి నుంచి వచ్చిందే. యీస్ట్ ఎక్కువైతే పని త్వరగా అవుతుంది, నిజమే, కానీ రుచి రావడానికి టైం దొరకదు. రుచి తెచ్చేది నిదానంగా పులవడమే.

పాలు కాచినవి అని ఎందుకు రాశానంటే, పచ్చిపాలల్లో ఉండే ఒక రకం ప్రొటీన్లు పిండిలోని సాగుడును బలహీనపరుస్తాయి. పాలు పొంగు వచ్చేదాకా కాగితే వాటి పని అయిపోతుంది. ప్యాకెట్ పాలను డెయిరీలో వేడి చేస్తారు గానీ అంత వేడి కాదు. మన ఇళ్లలో పాలు తెచ్చిన వెంటనే కాచడం ఎలాగూ అలవాటే. మీగడ తీయకండి, ఆ కొవ్వు బన్నుకు మంచిదే.

ఇప్పుడు అసలు కిటుకు. ఇది చైనా, జపాన్ వాళ్ల పాలబ్రెడ్డు పద్ధతి, వీడియోల్లో టాంగ్‌జోంగ్ పేరుతో చూసే ఉంటారు. 700 గ్రాముల మైదాలోంచి 50 గ్రాములు, 480 పాలల్లోంచి 250 తీసుకుని చిన్న గిన్నెలో ఉండలు లేకుండా కలపండి. సన్నని మంట మీద గరిటెతో తిప్పుతూ ఉంటే మూడు నాలుగు నిమిషాల్లో చిక్కటి జావలా అవుతుంది. గరిటె లాగితే గిన్నె అడుగున గీత ఒక్క క్షణం నిలబడాలి. అంతే, దించేయండి. సుమారు 65 డిగ్రీల వేడి దాటాక మైదాలోని పిండిపదార్థం ఉబ్బి నీటిని లోపల బంధించుకుంటుంది. ఆ నీరు పిండి కలిపేటప్పుడు చేతికి అంటదు, ఓవెన్‌లో అంత తేలిగ్గా ఆవిరైపోదు, మర్నాటి దాకా బన్నును ఎండనివ్వదు. గుడ్డు, బేకరీవాళ్లు మెత్తదనానికి కలిపే ఇంప్రూవర్ పొడి లేకుండా ఇంట్లో అంగడి బన్ను లాంటి మెత్తదనం రావాలంటే నాకు తెలిసి ఇంతకంటే మంచి దారి లేదు.

మీరు రాయలేదు గానీ, చిత్తూరు నుంచి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి ఒక మాట. ఈ జావకు మైదా బదులు 50 గ్రాముల రాగిపిండి వాడి చూడండి. రాగిలో సాగే గుణం లేదు కాబట్టి నేరుగా పిండిలో ఎక్కువగా కలిపితే బన్ను పగిలి, కుంగిపోతుంది. కానీ జావ కాచి కలిపితే మొత్తంలో ఏడు శాతమే, అదీ ఉడికి మెత్తబడి ఉంటుంది కాబట్టి పొంగు పెద్దగా తగ్గదు. జావ మాత్రం పచ్చివాసన పోయేదాకా ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ కాయాలి. మిగతా మైదా మొత్తం 650 గ్రాములు అలాగే. సంగటి తిని పెరిగిన మనుషులకు ఆ లేత గోధుమరంగు, ఆ కమ్మటి వాసన మటన్ కూరతో ఎంత బాగా కుదురుతుందో చెప్పలేను. నేను చేసే బన్నుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చక్కెర బదులు మన చిత్తూరు బెల్లం కూడా వేయవచ్చు, 65 గ్రాములు. కాకపోతే వేడి పాలల్లో బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. పాయసంలో ఈ సంగతి అందరికీ అనుభవమే. మూడు చెంచాల నీళ్లలో బెల్లం కరిగించి, వడకట్టి, చల్లారాక కలపండి, పాలు ఆ మేరకు తగ్గించండి.

పిండి కలిపే రోజు 24, సమయం మధ్యాహ్నం మూడు. జావ కాచి, పూర్తిగా గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడితే అంతా పాడవుతుంది. 55 డిగ్రీలు దాటిన వేడిలో యీస్ట్ చచ్చిపోతుంది. పాలు తోడు పెట్టే వేడి కంటే తక్కువ ఉండాలి, చిటికెన వేలు పెడితే వేడీ చల్లదనం రెండూ తెలియకూడదు. యీస్ట్ ప్యాకెట్ ఎప్పుడో తెరిచి పెట్టినదైతే రెండు చెంచాల గోరువెచ్చటి పాలల్లో చిటికెడు చక్కెరతో కలిపి పది నిమిషాలు చూడండి. నురుగు కట్టకపోతే పారేసి కొత్తది తెచ్చుకోండి, మొహమాటం వద్దు. నవంబర్, డిసెంబర్ మన వైపు వానల నెలలు, గాలిలో తేమకు తెరిచిన యీస్ట్ త్వరగా పాడవుతుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో ఉంచుకుంటే నెలల తరబడి నిలుస్తుంది.

పెద్ద బేసిన్‌లో మిగతా మైదా, చక్కెర, యీస్ట్ వేసి ఒకసారి కలపండి. ఉప్పు చివర్లో, యీస్ట్ మీద కుప్పగా పడకుండా చుట్టూ చల్లండి. జావ, మిగిలిన 230 మిల్లీలీటర్ల పాలల్లో 200 పోసి పొడిపిండి కనబడకుండా కలిపి, మూతపెట్టి అరగంట వదిలేయండి. ఆ 30 మిల్లీలీటర్లు పక్కన పెట్టించడానికి కారణం ఉంది: ఏ మైదా ఎంత పాలు పీలుస్తుందో ముందే చెప్పడం కుదరదు. అరగంట తర్వాత పిండి గట్టిగా అనిపిస్తే అవి కూడా పోయండి. నూటికి ఎనభై సార్లు పోయాల్సే వస్తుంది. ఈ అరగంట నానడంలో పిండి సగం పని తనే చేసుకుంటుంది, మీ భుజాలకు అంత శ్రమ తగ్గుతుంది.

ఇప్పుడు గట్టు మీద వేసి పిసకాలి. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, తిప్పి, మళ్లీ తోయాలి. మొదటి ఐదు నిమిషాలు చేతికి, గట్టుకు అంటుకుంటుంది. సరిగ్గా ఈ ఐదు నిమిషాల్లోనే అందరూ పొడిపిండి అందుకుంటారు. వద్దు. చేతిలో ఒక ప్లాస్టిక్ గీకుడు చెక్క పెట్టుకుని గట్టుకు అంటినదాన్ని గీకి మళ్లీ ముద్దలో కలపండి. ఎనిమిది, పది నిమిషాలకు ముద్ద నున్నబడుతుంది. అప్పుడు మెత్తబడిన వెన్నను కొంచెం కొంచెంగా వేయండి. వెన్న వేయగానే పిండి విడిపోయి, జారుతూ, అంతా పాడైపోయిందన్నట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. అలాగే పిసుకుతూ పోతే రెండు మూడు నిమిషాల్లో వెన్నంతా లోపలికి పోయి ముద్ద మళ్లీ దగ్గరికొస్తుంది, పట్టులా మెరుస్తుంది. చిన్న ముక్క తీసి రెండు చేతులతో మెల్లగా సాగదీయండి. అవతల వెలుతురు కనబడేంత పల్చటి పొరగా తెగకుండా సాగితే అయినట్టు. తెగితే ఇంకో మూడు నిమిషాలు. మొదట్నుంచి చివరిదాకా చేత్తో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇంట్లో ఒక్కరే చేయాల్సిన పనేం కాదిది, ఇద్దరు మార్చుకుంటూ పిసకండి.

వెన్న బదులు నెయ్యి వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. వేయవచ్చు. వెన్నలో కొవ్వు 80 శాతం చిల్లర, మిగతాది ఎక్కువగా నీరు. నెయ్యి దాదాపు అంతా కొవ్వే, కాబట్టి 65 గ్రాములు చాలు. వేరుశెనగ నూనె కూడా పనికొస్తుంది, వాసన కొంచెం తెలుస్తుంది.

ముద్దను నూనె రాసిన పెద్ద గిన్నెలో పెట్టి మూతపెట్టి బయట ముప్పావు గంట ఉంచండి. కాస్త ఉబ్బడం మొదలవగానే మెల్లగా అదిమి గాలి తీసి, గిన్నెకు గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. గిన్నె పిండికి మూడింతలు ఉండాలి. ఇక్కడ పండగ రోజుల ఫ్రిజ్ గురించి చెప్పాలి. 24 సాయంత్రానికి మీ ఫ్రిజ్ నిండా మసాలా పట్టించిన మటన్, పెరుగు గిన్నెలు, కూల్ డ్రింక్‌లు ఉంటాయి, తలుపు నిమిషానికోసారి తెరుస్తారు. అలాంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండదు. పిండి నిద్రపోవాల్సింది పోయి పొంగుతూనే ఉంటుంది. అందుకని గిన్నెను కింది అరలో వెనక్కి, చల్లదనం ఎక్కువున్న చోట పెట్టండి. రాత్రి ఆరాధనకు బయల్దేరే ముందు ఒకసారి మూత తీసి చూడండి. రెండింతలయి ఉంటే మళ్లీ అదిమి పెట్టేయండి. తిరిగొచ్చాక ఇక చూడక్కర్లేదు. ఇలా 24 గంటలు ఉన్న పిండికి వచ్చే రుచి అదే రోజు కలిపి కాల్చినదానికి రాదు. పైగా మీకు పండగ పూట పిండి కలిపే పని తప్పింది.

25 మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి, తిని, కాసేపు నడుం వాల్చి లేవండి. మూడున్నరకు పిండి బయటికి. చల్లగా ఉన్నప్పుడే ఉండలు చేసుకోవాలి. వెన్న గడ్డకట్టి ఉంటుంది కాబట్టి చేతికి అంటదు, పొడిపిండి అవసరం రాదు. 55 గ్రాముల చొప్పున తూచి ముక్కలు చేయండి. ఒక్కో ముక్క అంచులను లోపలికి మడిచి, మడత కిందికి పెట్టి, అరచేతిని గిన్నెలా వంచి గట్టు మీద గుండ్రంగా తిప్పండి. పైన చర్మం బిగువుగా, నున్నగా రావాలి. ఈ బిగువే బన్నును పక్కలకు పరుచుకోకుండా పైకి లేపుతుంది. పిల్లల్ని ఈ పనిలో కూర్చోబెట్టండి, వంకరటింకరగా వచ్చినా రుచి అదే.

తొమ్మిది అంగుళాల చదరపు టిన్నులు రెండు కావాలి, ఒక్కోదాంట్లో 12, మూడు వరసలు నాలుగేసి. వెన్న రాసి, అడుగున బటర్ పేపర్ వేసి, ఉండల మధ్య వేలెడు లోపు సందు వదలండి. పొంగి ఒకదాన్నొకటి ఆనుకోవాలి. ఆనుకున్న పక్కలు మెత్తగా ఉంటాయి, లాగితే దూదిలా విడివడతాయి. దూరదూరంగా పెడితే చుట్టూ గట్టి పొర కడుతుంది.

28 లీటర్ల ఓటీజీలో ఒక టిన్నే సరిగ్గా కాలుతుంది. రెండూ ఒకేసారి ఇరికిస్తే గాలి తిరగదు, కడ్డీలకు దగ్గరైన టిన్ను మాడుతుంది, మరొకటి తెల్లగా ఉంటుంది. అందుకని మొదటి టిన్ను బయట పెట్టి, రెండో టిన్నును ఫ్రిజ్‌లో పెట్టి అరగంట ఆలస్యంగా బయటికి తీయండి. అప్పుడు మొదటిది దిగేసరికి రెండోది సరిగ్గా సిద్ధంగా ఉంటుంది. ఒకేసారి బయట పెడితే రెండోది ఎక్కువ పొంగి, ఓవెన్‌లో కుంగిపోతుంది.

రెండో పొంగు ఎంతసేపు అన్నదానికి గడియారం చూసి జవాబు చెప్పలేను. తిరుపతిలో డిసెంబర్ సాయంత్రం వంటింట్లో పొయ్యిలు వెలుగుతూ ఉంటే ఫ్రిజ్ పిండి రెండు గంటల్లో సిద్ధమవుతుంది. ఇదే పని పలమనేరులోనో, మదనపల్లె వైపో చేస్తే చలికి మూడు గంటలైనా పట్టవచ్చు. వాన పట్టి చల్లగాలి వీస్తుంటే మన ఊళ్లోనూ ఆలస్యమే. అలాంటప్పుడు ఆపి ఉన్న ఓటీజీలో టిన్ను పెట్టి, పక్కన ఒక గ్లాసు మరిగిన నీళ్లు ఉంచి తలుపు మూసేయండి. ఆ వెచ్చదనం, ఆ తేమ చాలు. ఓవెన్ వేడి చేసే ముందు బయటికి తీయడం మాత్రం మర్చిపోకండి. సిద్ధమైందో లేదో వేలికి పిండి అద్దుకుని బన్ను పక్కన మెల్లగా నొక్కి చూడండి. గుంట వెంటనే పైకి లేస్తే ఇంకా టైం ఉంది. నిదానంగా లేచి కొంచెం గుర్తు మిగిలితే ఓవెన్‌లోకి వెళ్లాలి. అసలు లేవకపోతే ఆలస్యం చేశారు, ఇక క్షణం కూడా ఆగకుండా లోపల పెట్టేయండి. మీరు పోయిన నెల ఎంతసేపు ఉంచారో రాయలేదు గానీ, లోపల ముద్దగా ఉందంటే ఈ పొంగు కూడా చాలకపోయి ఉంటుంది.

ఓవెన్ రెండు కడ్డీలూ వేసి 200 డిగ్రీలకు కనీసం పావుగంట ముందు వేడి చేయండి. ఓటీజీలో లైటు ఆరిపోయినంత మాత్రాన లోపలంతా వేడెక్కినట్టు కాదు. టిన్నును మధ్య అర కంటే ఒక మెట్టు కింద పెట్టి, 190కి తగ్గించి, 18 నుంచి 20 నిమిషాలు. ఫ్యాన్ ఉన్నదైతే 175 చాలు. 160లో 40 నిమిషాలు కేకుకు సరే, బన్నుకు కాదు. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంటే రంగు వచ్చేలోపు లోపలి తడంతా ఆవిరైపోతుంది. ఎక్కువ వేడిలో తక్కువసేపు కాలితేనే పైన రంగు, లోపల తడి రెండూ దక్కుతాయి. గుడ్డు పూత బదులు ఓవెన్‌లో పెట్టే ముందు పాలు రాయండి, ఇష్టమైతే నువ్వులు చల్లండి. 12 నిమిషాలకే పైన ముదురు రంగు వచ్చేస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి, ఫాయిల్ కడ్డీలకు తగలకూడదు. వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్య బన్నులో గుచ్చి చూడండి, 90 డిగ్రీలు చూపిస్తే ఉడికినట్టే. లేకపోతే మధ్య బన్నును పక్కకు కొంచెం విడదీసి చూస్తే తడిగా, జిగటగా కనిపించకూడదు.

బయటికి తీసిన వెంటనే, వేడి మీదే, వెన్న రాయండి. ఐదు నిమిషాల తర్వాత టిన్నులోంచి జాలీ మీదికి తీసి పల్చటి నూలుగుడ్డ కప్పండి. లోపలి ఆవిరి గుడ్డ కింద తిరిగి పైపొరను మెత్తబరుస్తుంది. టిన్నులోనే వదిలేస్తే అడుగున చెమ్మ పడుతుంది. ఆరున్నరకు మొదటి టిన్ను లోపలికి వెళ్తే ఏడుంబావుకల్లా రెండోది కూడా దిగుతుంది. ఎనిమిదికి విస్తళ్లు వేసేసరికి చేతికి వెచ్చగా ఉంటాయి.

కరెంటు గురించి ఎవరూ అడగరు గానీ మన దగ్గర అడగాల్సిన విషయమే. వానలప్పుడు సాయంత్రం కరెంటు పోతే, టిన్ను ఇంకా పొంగుతున్న దశలో ఉంటే ఫ్రిజ్‌లో పెట్టేయండి. కరెంటు లేకపోయినా తలుపు తెరవని ఫ్రిజ్ చాలాసేపు చల్లగానే ఉంటుంది. కాలుతుండగా పోతే తలుపు మాత్రం తెరవకండి. పది నిమిషాల్లోపు వస్తే లోపలి వేడి నిలిచి ఉంటుంది, ఐదారు నిమిషాలు అదనంగా కాల్చండి. అంతకంటే ఆలస్యమయ్యేటట్టుంటే గ్యాస్ మీద మందపాటి పెద్ద కుక్కర్ పెట్టి, రబ్బరు, విజిల్ తీసేసి, లోపల స్టాండ్ వేసి పది నిమిషాలు వేడిచేసి, చిన్న గిన్నెల్లోకి మార్చి పూర్తిచేయవచ్చు. పైన రంగు రాదు. పెనం మీద వెన్న వేసి ఆ వైపు ఒక్క నిమిషం కాలిస్తే సరిపోతుంది. ఓటీజీ లేనివాళ్లు కూడా ఇలాగే చేసుకోవచ్చు, సన్న మంట మీద పాతిక నిమిషాలు పడుతుంది.

సగం గోధుమపిండి కలపవచ్చా అని ఇంకొకరు అడిగారు. సగం వద్దు. పావు వంతు దాకా కలపండి, రెండు మూడు చెంచాల పాలు ఎక్కువ పోయండి. గోధుమపిండిలోని పొట్టు ఆ సాగే జాలిని మధ్యమధ్యలో తెంపుతుంది, అందుకే బరువుగా వస్తాయి. విందు రోజు కాకుండా మామూలు రోజు ప్రయత్నించండి.

అన్నట్టు, ఈ వారంలోనే ఒకసారి సగం కొలతతో చేసి చూడండి. 350 గ్రాముల మైదా, ఒక్క టిన్ను. చేసేటప్పుడు రెండే విషయాలు రాసి పెట్టుకోండి: పక్కన పెట్టిన పాలల్లో ఎంత పోశారు, మీ ఓటీజీలో ఎన్నో నిమిషానికి రంగు వచ్చింది. ప్రతి ఓటీజీ నాబ్ మీద చూపించే అంకెకు, లోపలి వేడికి పది ఇరవై డిగ్రీల తేడా ఉంటుంది, అది మీ ఇంట్లో చూసి తెలుసుకోవాల్సిందే. 25న మళ్లీ వెతుక్కోకుండా ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

మిగిలిన బన్నులను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చల్లదనంలో బయటకంటే త్వరగా ఎండినట్టు గట్టిపడతాయి. మర్నాడు తినేవైతే గాలి తగలని డబ్బాలో బయటే ఉంచండి. ఆపైన కావాలంటే అదే రాత్రి కవర్‌లో గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, తినే ముందు ఫాయిల్ చుట్టి 150 డిగ్రీల్లో పది నిమిషాలు వేడి చేయండి. బెంగళూరు తిరిగి వెళ్లేవాళ్లకు నాలుగు కట్టివ్వాలనుకుంటే ఫ్రీజర్‌లోంచి తీసినవే ఇవ్వండి, ఊరు చేరేసరికి మామూలుగా అవుతాయి.